అకారణ క్లోమశోథము: చిత్రణ పద్ధతుల తారతమ్య విమర్శ

క్లోమ గ్రంథికి ఆకస్మికముగా శోథము కలిగినపుడు వైద్యునకు రెండు కర్తవ్యము లేర్పడును. రోగిని గండము గడపించుట మొదటిది. వ్యాధి మరల రాకుండుటకై కారణమును కనుగొనుట రెండవది. అధిక సంఖ్యాకులకు పిత్తాశయపు రాళ్లో మద్యపానమో కారణమగుచున్నది. రక్తమున ట్రైగ్లిసరైడ్లు గాని కాల్షియము గాని మితిమీరుట, కొన్ని ఔషధములు తరువాతి స్థానమున నున్నవి. రోగి వృత్తాంతము, రక్తపరీక్షలు, ఉదరముపై నుండి చేయు అల్ట్రాసౌండు ముగిసినను హేతువు దొరకనిచో దానిని అకారణ క్లోమశోథమని వ్యవహరింతురు. ఈ పేరు చేసిన పరీక్షల హద్దును మాత్రమే తెలుపుచున్నది. కావున ఏ పరీక్ష మేలైనదని నిర్ణయించుటకు ముందు, అంతవరకు ఏయే పరీక్షలు జరిగినవో విచారింపవలెను. పరిశోధకుల సంఖ్యలను ఈ దృష్టితో పరిశీలించుటయే ఈ వ్యాసము నుద్దేశము.

1968లో అమెరికాలో మెక్యూన్ ప్రభృతులు ప్రకటించిన ఈ.ఆర్.సి.పి. అను పద్ధతిలో నోటి ద్వారా ఎండోస్కోపును ఆంత్రమూలమునకు పంపి, నాళములలోనికి రంగుమందు నెక్కించి ఎక్స్‌రే తీయుదురు. ఈ పరీక్షయే కొందరికి క్లోమశోథమును కలిగించుచున్నందున, నేడు దీనిని కారణాన్వేషణకు గాక ప్రధానముగా చికిత్సకే వాడుచున్నారు. అన్వేషణకు నేడు ప్రధానముగా నిలిచినవి రెండు. 1980 నుండి నివేదికలు వెలువడుచున్న ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండు మొదటిది. 1991లో తొలుత వర్ణింపబడిన ఎం.ఆర్.సి.పి. రెండవది. మొదటి పద్ధతిలో ధ్వనితరంగముల సాధనము ఎండోస్కోపు కొన నుండి క్లోమమునకు అతి సమీపమునకు పోవుటచే, 3 మిల్లీమీటర్లకంటె చిన్నవైన రాళ్లును, పిత్తాశయమున పేరుకొన్న మడ్డియు గోచరించును. అయితే రోగికి మత్తుమందు, చేయువారికి నేర్పు అవసరము. రెండవదానికి గొట్టముతో పనిలేదు. అయస్కాంత బలముచే నాళములలోని ద్రవమే చిత్రముగా తేలును. నాళముల ఆకృతి చక్కగా తెలియును గాని మిక్కిలి చిన్న రాళ్లు తప్పిపోవచ్చును. సెక్రిటిన్ అను హార్మోనును ఎక్కించినచో క్లోమరసము స్రవించి నాళము మఱింత స్పష్టమగును.

ఈ మూడింటిని పోల్చుచు 34 పరిశోధనలను సమీకరించిన యొక విశ్లేషణ 2018లో వెలువడినది. కారణము బయటపడినది ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండున నూటికి 64, సెక్రిటిన్‌తో కూడిన ఎం.ఆర్.సి.పి.లో 43, సామాన్య ఎం.ఆర్.సి.పి.లో 34 మందికి. పిత్త సంబంధమైన కారణములకు మొదటిది, నాళముల నిర్మాణ దోషములకు సెక్రిటిన్‌తో చేయునది మేలని తేలినది.

ఈ సంఖ్యలను అట్లే స్వీకరింపరాదు. ప్రాథమిక పరీక్షలు నియమముగా ముగిసిన పిమ్మట తొలిసారి వ్యాధి వచ్చినవారినే గ్రహించి డచ్చి వైద్యులు చేసి 2023లో ప్రకటించిన పరిశోధనలో, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండు వలన కారణము తెలిసినది సుమారు మూడవ వంతు మందికే. సాధన మొక్కటే, ఫలితము మాత్రము సగమైనది. ముందటి జల్లెడ సన్ననిదైనకొలది తరువాతి జల్లెడకు దొరకునది తగ్గుట సహజము. అట్లే పిత్తాశయము తొలగింపబడినవారియందు దీని ఫలితము తక్కువ.

ఇంతకంటె ముఖ్యమైన ఆక్షేపము మఱియొకటి కలదు. కనబడినదెల్ల కారణము కానేరదు. గర్భస్థ దశలో క్లోమము రెండు భాగములుగా నేర్పడి తరువాత కలియును. వాని నాళములు కలియకుండుట విభక్త క్లోమము. ఇది నూటికి 5 నుండి 10 మందికి ఉండునని అంచనా. వారిలో అధికులకు ఏ బాధయు లేదు. ఇట్టివారిలో మాటిమాటికి క్లోమశోథము వచ్చువారికి చిన్న ద్వారమును కోసి వెడల్పు చేసి చూచిన పరిశోధన 2025లో వెలువడినది. కోత కలవారికిని లేనివారికిని వ్యాధి తిరుగబెట్టుటలో నిశ్చయముగా చెప్పదగిన భేదము కానరాలేదు. చిత్రమున దోషము కనబడినంతమాత్రమున దానిని కారణముగా లెక్కించిన నూటికింత యను గణన యెంత బలహీనమో దీనివలన తెలియుచున్నది.

చిత్రములకు అందని కారణములును గలవు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, అచటి వైద్యులతో కలిసి 2002లో ప్రకటించిన పరిశోధన, ఉష్ణమండల క్లోమవ్యాధికి స్పింక్1 అను జన్యువులోని మార్పులతో సంబంధము కలదని చూపినది.

కావున తారతమ్యము కంటె క్రమము ప్రధానము. 2013నాటి అంతర్జాతీయ మార్గదర్శకములు మొదట ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండును, అది నిష్ఫలమైనచో సెక్రిటిన్‌తో ఎం.ఆర్.సి.పి.ని, అప్పటికిని తెలియక వ్యాధి తిరుగబెట్టినచో జన్యు విచారణను సూచించినవి. అల్ట్రాసౌండును మరల చేయుట సులభమైన తొలిమెట్టు. పిత్తాశయము లేనివారికి ఎం.ఆర్.సి.పి.తో ప్రారంభించుట యుక్తమని నా యభిప్రాయము. నలువది యేండ్లు దాటినవారియందు క్లోమమున కంతి దాగియుండునేమో యని తప్పక విచారింపవలెను. ఇట నాలస్యము ప్రాణాంతకము.

ఒక ఊరినుండి మఱియొక ఊరి ఆసుపత్రికి పోవు మనవారు పాత చిత్రములను, నివేదికలను భద్రపఱచి వెంట గొనిపోవుట మేలు. చేసిన పరీక్ష లెవ్వియో తెలిసినగాని, చేయవలసినది వైద్యుడు సరిగా నిర్ణయింపజాలడు.