గది చిన్నదైతే పెట్టె కూడా చిన్నదే కావాలి

బరంపురం పాత వీధుల్లో, ముఖ్యంగా పట్టు నేసే దేవాంగుల వీధుల్లో, ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని లోపలికి పొడుగ్గా సాగుతాయి. అలాంటి ఇంట్లో పాటలు వినడానికంటూ ఒక గది మిగుల్చుకోగలిగితే అది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉంటే గొప్ప. సిమెంటు పూత గోడలు, పలకల నేల, పైన స్లాబు. ఆ గదికి లక్షో రెండు లక్షలో పెట్టి స్పీకర్లు కొనేవారి చూపు ముందు పెద్ద వూఫరున్న బరువైన పెట్టెల మీదికే పోతుంది. ఇంత డబ్బు పోసేటప్పుడు పెద్దది తీసుకోవడమే తెలివని ఇంట్లోవాళ్ళూ అంటారు. నా వాదన దీనికి పూర్తిగా ఎదురు. ఆ గదికి అయిదంగుళాల వూఫరున్న చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకరు, అందులోనూ గాలి రంధ్రం లేకుండా అన్ని వైపులా మూసిన పెట్టె, సర్దుకుపోయి కొనేది కాదు. దానికి తగినది అదే. చేతిలో ఎంత డబ్బున్నా ఈ మాట మారదు.

కారణం గదిలోనే ఉంది. మన వేడిలో శబ్దం సెకనుకు దాదాపు 348 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య సగం అల సరిగ్గా ఇమిడిన చోట గది తనంతట తానే మోగుతుంది. 12 అడుగుల పొడవుకు ఆ మోత 48 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగుల వెడల్పుకు 57 దగ్గర వస్తుంది. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే అయితే అదే 57 మీద రెండో మోత వచ్చి కూర్చుంటుంది. గది సరిగ్గా నడుమ కూర్చున్నవారికి పొడవు తాలూకు ఆ మొదటి మోత దాదాపు వినబడదు. వెనక గోడకు ఆనుకున్నవారికి అది చెవులు నింపేస్తుంది. దీనికి తోడు స్పీకరును గోడకు దగ్గరగా జరిపిన కొద్దీ కింది స్వరాలు బలుస్తాయి, మూలకు తోస్తే మరీనూ. ఊరి అమ్మవారి ఉత్సవమైన ఠాకురాణి యాత్రలో వీధిలో మోగే లౌడ్‌స్పీకర్లకు గోడల సాయం అంతంతమాత్రం, కాబట్టి వాటికి పెద్ద కోన్లు కావాలి. నాలుగు సిమెంటు గోడల మధ్య పరిస్థితి తలకిందులు. పెద్ద వూఫరు సరిగ్గా గది మోగే చోటే మరింత బలం పోస్తుంది. అప్పుడు మృదంగం ఎడమ మూత మీద పడిన దెబ్బల్లో కొన్ని బండగా మోగుతాయి, కొన్ని మాయమవుతాయి. వాయించినవాడి చేతిలో లేని తేడా అది.

చిన్న చోటుకు స్పీకరు ఎలా ఉండాలన్న ప్రశ్నకు బాగా ఆలోచించిన జవాబు 1970లలోనే వచ్చింది. బయటి కార్యక్రమాలు రికార్డు చేసే వ్యానుల్లో ఇంజనీర్లు వినడానికి బీబీసీ ఎల్‌ఎస్ 3/5ఏ అనే స్పీకరును రూపొందించింది. ఎత్తు అడుగు. కెఫ్ కంపెనీ చేసిన అయిదంగుళాల వూఫరు, చిన్న ట్వీటరు, పలచని బర్చి ప్లైవుడ్డుతో చేసిన మూసిన పెట్టె. లోతైన బేస్ కోసం అందులో పాకులాట లేదు. మనిషి గొంతు మనిషి గొంతులా వినబడాలన్నదే వారి పట్టుదల. కింది స్వరాల లోటు తెలియకుండా పై బేస్‌ను కాస్త ఎత్తారు, అది నిజం, కానీ గాత్రానికి దెబ్బ తగలనివ్వలేదు. ఆ నమూనాను ఇప్పటికీ కొన్ని కంపెనీలు తయారు చేస్తున్నాయి. వ్యాను సంగతి మన పది అడుగుల గదికి బాగా దగ్గర. మూసిన పెట్టెలో బేస్ మెల్లగా తగ్గుతుంది, రంధ్రమున్న పెట్టెలో ఒక హద్దు దాటాక దానికి రెట్టింపు వేగంతో పడిపోతుంది. ఆ మెల్లని తరుగును గది తన బలంతో కొంత పూడుస్తుంది. రంధ్రమున్న స్పీకరైతే గోడ నుంచి బాగా ముందుకు జరపాల్సి వస్తుంది, పదడుగుల గదిలో ఆ చోటెక్కడిది?

ఇలాంటి స్పీకర్లు ఆంప్లిఫయరును తినేస్తాయని ఒక ఆక్షేపణ ఉంది. బీబీసీ స్పీకరు ఒక వాట్‌కు మీటరు దూరంలో ఇచ్చేది 82, 83 డెసిబెళ్ళే. అయితే 50 వాట్లకు లెక్క ప్రకారం అది 99 డెసిబెళ్ళకు చేరుతుంది. రెండు మీటర్ల దూరంలో కూర్చునేవారికి అంతకన్నా అక్కర్లేదు, పక్కింటివారికి అసలే అక్కర్లేదు. గది దోషాన్ని కంప్యూటరు సవరింపుతో పోగొట్టవచ్చనేది రెండో ఆక్షేపణ, ఇందులో సగం నిజం ఉంది. మోత ఎక్కువైన స్వరాన్ని తగ్గించవచ్చు, అది మంచి పని. కానీ అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న చోట ఎంత శక్తి పోసినా గుంట పూడదు. గట్టిగా నిలబడే ఆక్షేపణ మూడోది: ఈనాటి సినిమా పాటల్లో బేస్ లేకపోతే పాటే లేదంటారు. ఒప్పుకుంటాను. వినేదంతా అదే అయితే చిన్న స్పీకర్లకు తోడు చిన్న సబ్‌వూఫరు పెట్టుకోండి. దాన్ని గదిలో నచ్చిన చోటికి జరుపుకోవచ్చు, పెద్ద స్పీకరు పొట్టలో ఉన్న వూఫరును జరపలేం.

బరంపురం ఉన్న గంజాం జిల్లా గాలి సంగతి విడిగా చెప్పాలి. గోపాలపురం సముద్రపు ఉప్పు, ఏడాదిలో చాలా నెలల తేమ స్పీకర్లను లోపల్నుంచి తింటాయి. వూఫరు అంచు ఫోమ్‌తో చేసినదైతే కొన్నేళ్ళకు పొడిపొడిగా రాలుతుంది, రబ్బరు అంచు చాలాకాలం నిలుస్తుంది. ఎండీఎఫ్ పెట్టె పూత లేచిన అంచుల దగ్గర తేమ పీల్చి ఉబ్బుతుంది. అందుకే ఇక్కడ పైకి కనిపించే వెనీరు మెరుపు కన్నా వెనక పలక, మూలలు, వైరు బిగించే మరలు చూసి కొనాలి. ఎండాకాలంలో ఫ్యాను ఆపలేం, కిటికీ మూయలేం. ఫ్యాను హోరు అతి సన్నని ధ్వనులను ఎలాగూ కప్పేస్తుంది, వాటి కోసం అదనంగా లక్షలు పోయడం ఈ ఊళ్ళో దండగ. తెరిచిన తలుపు మాత్రం మేలే చేస్తుంది, అదిరే బేస్‌లో కొంత దాని గుండా బయటికి పోతుంది. మిగిలిన డబ్బు బరువైన స్టాండ్లకు, నేల మీద మందపాటి తివాచీకి, పక్క గోడకు పుస్తకాల బీరువాకు పెట్టండి. పేరు బుక్‌షెల్ఫ్ అయినా స్పీకర్లను మాత్రం ఆ బీరువాలోనో గోడ గూట్లోనో పెట్టొద్దు.

ఇక పరీక్ష. ఘంటసాల పాడిన పాత మోనో పాట ఒకటి చాలు. రెండు స్పీకర్లలోనూ వచ్చేది ఒకే ధ్వని కాబట్టి గొంతు రెంటి నడుమ ఒక్క చోట నిలబడాలి. అది అటూ ఇటూ పరుచుకుంటే స్పీకర్ల జత కుదరలేదన్నమాట, లేదా పక్క గోడలు అడ్డొస్తున్నాయన్నమాట. కార్పెట్టు పరిచిన షోరూములో ఆ గొంతు చక్కగా నిలబడినంత మాత్రాన మీ గదిలో నిలబడుతుందని లేదు. కాబట్టి భువనేశ్వర్‌లో కొన్నా, విశాఖలో కొన్నా, ఇంట్లో రెండు రోజులు వినే అవకాశం ముందే అడగండి. ఫ్యాను వేసి, తలుపు తీసి, రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చుని వినండి. అందుకు ఒప్పుకోని దుకాణంలో లక్ష రూపాయల స్పీకర్లు కొనకండి.