మౌనం ఎవరిది?

దళిత సాహిత్యం గురించి రాసే విమర్శకులు తరచూ వాడే మాట ఒకటుంది: ‘శతాబ్దాల మౌనం బద్దలైంది.’ మెచ్చుకోలుగానే అంటారు, కాదనం. కానీ ఆ మాటతో మాకు పేచీ ఉంది. మౌనం మునికి చెందిన మాట. ముని మాట్లాడగలడు, మాట్లాడితే వినే శిష్యులున్నారు, అయినా మాట్లాడడు. అది అతని ఇష్టం. అందుకే దానికంత గౌరవం. మాలపల్లెకీ మాదిగగూడేనికీ ఆ ఇష్టాయిష్టాలు ఎవరిచ్చారు? లేని ఇష్టాన్ని అంటగడితే నోరు నొక్కినవాడు మాయమైపోతాడు, నోరెత్తనివాడు దోషిగా మిగిలిపోతాడు. ‘మౌనం అర్ధాంగీకారం’ అన్న మాట కూడా వెనకాలే వచ్చి కూర్చుంటుంది.

కాబట్టి మాటల్ని విడదీసి చూడాలి. నిశ్శబ్దం అంటే చప్పుడు లేకపోవడం. దానికి కర్త అక్కర్లేదు. మౌనానికి కర్త ఉంటాడు. మూగతనం శరీరానికి సంబంధించింది. ఊరుకోవడం వీటన్నిటికన్నా వేరు. మాట గొంతుదాకా వచ్చాక, కూలి పోతుందనో దెబ్బలు పడతాయనో దాన్ని మింగేయడం అది. రాయలసీమలో ‘గమ్మునుండు’ అన్నా, తెలంగాణలో ‘సప్పుడు జేయకు’ అన్నా కింది కులపోడి విషయంలో అది ఆజ్ఞే. ఆజ్ఞ ఉందంటే ఇచ్చినోడు ఉన్నట్టే. ‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అని సామెత చెప్తారు. ఊరు చెడ్డదైతే ఆ తప్పు కూడా మన నోటిదేనా?

ఇంకో సంగతి. మాట వినబడినంత మాత్రాన గొంతు ఉన్నట్టు కాదు. దొరల తెలంగాణలో ‘నీ బాంచన్, కాల్మొక్త’ అన్నదీ మాటే. అది అన్నాక ఇంక చెప్పుకోడానికి ఏమీ మిగలదు. ఊళ్ళో డప్పు కొట్టి చాటింపు వేసిన మాదిగ గొంతు అందరికన్నా పెద్దగానే వినబడింది. చాటింది మాత్రం పెద్దల కబురు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన ఉద్యమం ‘దండోరా’ అని పేరు పెట్టుకోవడంలో మాకు కనబడే అర్థం ఇదే: డప్పు పాతదే, కబురు ఇప్పుడు కొట్టేవాడిది.

సాహిత్యంలోకి వద్దాం. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922) ఒక మాల కుటుంబాన్ని నవల నడిబొడ్డున నిలబెట్టింది. ఆ గొప్పతనాన్ని మేం తగ్గించడం లేదు. అయితే కొడుకు సంగదాసు చౌదరయ్య చేతిలో చనిపోయినప్పుడు తండ్రి రామదాసు ఓర్పునీ వేదాంతాన్నీ ఆశ్రయిస్తాడు. నవల ఆయన్ని దాదాపు ఋషిని చేస్తుంది. ఊరుకోక తప్పని మనిషి నెత్తిన మౌనమనే కిరీటం పెట్టడమంటే ఇదే.

జాషువ ‘గబ్బిలం’ (1941) దారి వేరు. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి తన బతుకు గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని వేడుకుంటాడు, అదీ పూజారి లేని వేళ చూసి. మేఘాన్నీ హంసనీ రాయబారం పంపిన కావ్య సంప్రదాయంలో జాషువ గబ్బిలాన్ని పంపాడు, దాన్నే మౌని అని పిలిచాడు. మునుల సొత్తైన బిరుదు చీకట్లో తలకిందులుగా వేలాడే జీవికి దక్కింది. ఇక్కడ మాట్లాడేవాడికి గొంతు నిండుగా ఉంది. లేనిది గుడి ప్రవేశం. పూజారి లేనప్పుడే చెప్పమనడంలో ఆ నోటికి అడ్డం ఎవరో తేలిపోతోంది.

అంబేద్కర్ 1920 జనవరి 31న బొంబాయిలో పెట్టిన మరాఠీ పక్షపత్రిక పేరు ‘మూక్‌నాయక్’, అంటే మూగవాళ్ళ నాయకుడు. తన జనం పుట్టుమూగలని ఆయన ఉద్దేశం కాదు. డబ్బు కడతామన్నా ఆ పత్రిక ప్రకటనని ‘కేసరి’ వేయలేదు. నోరుంది, అచ్చు లేదు. ఆ మూగతనం పత్రికల్ని చేతిలో పెట్టుకున్న కులాలు తయారుచేసింది.

ఇదంతా పుస్తకాల గొడవేనా? చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6 హత్యాకాండకు ముందు దళితుల్ని సాంఘికంగా వెలివేశారు. వెలి అంటే పని ఇవ్వకపోవడం, పలకరింపు మానేయడం. ఇదీ మౌనమే, కానీ పెత్తందారు మౌనం. బలమున్నోడి చేతిలో అది ఆయుధం. చనిపోయినవాళ్ళను ఊరి నడుమ పాతిపెట్టి, ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు దళితులు. విచారణ కోసం ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు వచ్చింది. సాక్షులు నోరు విప్పారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులుగా వదిలేసింది. అక్కడ దళితుల మాటకు లోటేమీ లేదు. మాట్లాడితే చాలదు, ఆ మాట చెల్లాలి.

అత్యాచారాల నిరోధక చట్టానికి (1989) 2015లో వచ్చిన సవరణ ఈ సంగతిని కొంత గుర్తించింది. వెలివేయడాన్ని నేరాల్లో చేర్చింది. ఫిర్యాదుదారు నోటితో చెప్పింది రాసుకున్న పోలీసు అధికారి సంతకం తీసుకునే ముందు దాన్ని చదివి వినిపించాలంది. అంటే వినడం అధికారి దయ కాదు, డ్యూటీ.

ఈ ప్రశ్న మన లోపలికీ రావాలి. ఐక్యత పేరుతో దళిత స్త్రీలనీ, ఉపకులాలనీ ‘ఇప్పుడు కాదు, కాస్త ఊరుకోండి’ అంటే, ఆ ‘ఊరుకో’ దొర నోటి నుంచి వచ్చిన దానికన్నా ఏ రకంగా మెరుగు?

ఉపాధ్యాయులకు, పరిశోధన చేసే విద్యార్థులకు, కార్యకర్తలకు ఒక్క మనవి. ఒక పిల్ల క్లాసులో నోరెత్తకపోతే ‘బిడియం’ అని రాసేయకండి. ఒక గూడెం ఫిర్యాదు చేయకపోతే ‘గొడవల్లేవు’ అని రాసేయకండి. ఎవరు ఊరుకోమన్నారు, మాట్లాడితే ఏం పోతుంది, చెప్తే వినేదెవరు అని అడగండి. జవాబు దొరికాక, దానికి తగిన మాట వాడండి.