మళ్లీ వెళ్లాల్సిన దారి

లివర్ క్యాన్సర్‌కి ‘టేస్’ (ధమనిలోంచి నేరుగా గడ్డకే మందు పంపే చికిత్స) చేసి బయటికొచ్చాక బంధువులు అడిగే మొదటి మాట, “గడ్డ కరుగుతుందా డాక్టరు గారూ?” న్యాయమైన ప్రశ్నే. ధమని ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగరు. నాకు ముందు ఆ బెంగే ఉంటుంది.

గజ్జలో సూది, సూదిలోంచి వైరు, వైరు మీదుగా కాథెటర్. 1953లో స్వీడన్ రేడియాలజిస్టు సెల్డింగర్ ప్రచురించిన పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నాం. అక్కణ్ణించి బృహద్ధమని, సీలియాక్, హెపాటిక్ ధమని, చివరికి గడ్డకు మందు మోసే సన్నటి కొమ్మ. వైరు మొన నాళం లోపలి పొర కిందికి దూరిందంటే పొర చీలుతుంది, ఆ చీలికలోకి రక్తం చేరుతుంది. దాన్నే డిసెక్షన్ అంటాం. తెరమీద డై ముందుకు పోకుండా గోడ పక్కన చారలా నిలిచిపోతే గదిలో మాటలు ఆగిపోతాయి.

విచిత్రమేమిటంటే చాలాసార్లు రోగికి వెంటనే ఏమీ తెలియదు. లివర్‌కి చేరే రక్తంలో దాదాపు 75 శాతం పోర్టల్ సిర తెచ్చేదే. గడ్డ బతికేది ముఖ్యంగా ధమని రక్తం మీద కాబట్టే ఈ చికిత్స సాధ్యమైంది. పిత్తనాళాలకు ఆ వెసులుబాటు లేదు, వాటికీ ధమనే ఆధారం. అది దెబ్బతింటే నాళం గోడ చచ్చి పైత్యరసం లివర్‌లోకి ఊరుతుంది. ఇంటికెళ్లిన మనిషి కొన్ని వారాలకు చలిజ్వరంతో తిరిగొస్తాడు.

పైగా టేస్ సాధారణంగా ఒకసారితో అయిపోదు. హెపాటిక్ ధమని పూడిపోతే గడ్డ డయాఫ్రమ్ ధమని నుంచో మరోచోటి నుంచో రక్తం తెచ్చుకుంటుంది. మందు పంపడానికి మనకు మాత్రం దారి ఉండదు. రేపు లివర్ మార్పిడి అవసరమైతే సర్జన్ కొత్త లివర్‌ని కుట్టాల్సింది కూడా మామూలుగా ఈ ధమనికే.

అందుకే జూనియర్లతో అంటుంటాను: వైరు ఆగితే తోయకండి. వెనక్కి లాగి, తిప్పి చూడండి. నాళం బిగుసుకుంటే నైట్రోగ్లిజరిన్ ఇచ్చి ఆగండి. మైక్రోకాథెటర్ ఖరీదెక్కువని లావు కాథెటర్‌నే లోపలికంటా నెట్టే పొదుపు నాకు బొత్తిగా నచ్చదు.

ఒక్కోసారి ఆపేసి బయటికి రావాల్సి వస్తుంది. రాత్రి నుంచి ఏమీ తిననివ్వకుండా, డబ్బు కట్టించుకుని, “ఇవాళ చేయలేదమ్మా” అంటే ఎవరికైనా మొహం మాడుతుంది. చిన్న డిసెక్షన్లు వాటంతటవే మానడం కద్దు. కొన్ని వారాలాగి సీటీ యాంజియో తీసి, అప్పుడు మళ్లీ రమ్మంటాను.