రెండు గంటలకోసారి

వెన్నుపాము దెబ్బతిన్న మనిషి ప్రాణం తీసేది చాలాసార్లు ఆ దెబ్బ కాదు. పడక పుండు తీస్తుంది, మూత్రాశయంలో చేరిన చీము తీస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నడుము కింద చచ్చుబడిపోయిన సైనికుల్లో ఎక్కువమంది కొద్ది నెలల్లోనో, మహా అయితే కొన్నేళ్లలోనో పోయారంటే ప్రధానంగా ఈ రెండే కారణం. అంతకు మూడున్నర వేల ఏళ్ల కిందటి ఈజిప్టు వైద్య గ్రంథం ఒకటి, ఎడ్విన్ స్మిత్ పపైరస్, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతినడాన్ని వైద్యం చేయకూడని వాటిలో చేర్చింది. అన్ని వేల ఏళ్లు గడిచినా వైద్యులు ఆ మాటను పెద్దగా దాటలేకపోయారు.

దాటించినవాడు లుడ్విగ్ గట్‌మన్. నాజీల జర్మనీ నుంచి తప్పించుకొని 1939లో ఇంగ్లండు చేరిన యూదు వైద్యుడు. 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము రోగుల వార్డు మొదలుపెట్టినప్పుడు ఆయన చేతిలో కొత్త మందేదీ లేదు. పగలూ రాత్రీ రెండు గంటలకోసారి ప్రతి రోగినీ పక్కకు తిప్పాలన్నారు. మూత్రాశయాన్ని వేళకు, శుభ్రంగా ఖాళీ చేయాలన్నారు. మనిషిని మంచానికి వదిలేయకుండా కూర్చోబెట్టాలి, పని చేయించాలి, ఆడించాలన్నారు. 1948 జూలై 29న ఆ ఆసుపత్రి ఆవరణలో 16 మంది చక్రాల కుర్చీల్లోంచి బాణాలు వేసిన పోటీయే నేటి పారాలింపిక్స్‌కు మూలం.

ఆ సంప్రదాయం ఢిల్లీకి ఒక రోగి వెంట వచ్చింది. 1965 మే 29న ఎవరెస్టు శిఖరం ఎక్కిన మేజర్ హెచ్.పి.ఎస్. అహ్లువాలియాకు అదే ఏడాది పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో వెన్నులో తూటా దిగింది. చికిత్స కోసం స్టోక్ మాండెవిల్ వెళ్లారు. చక్రాల కుర్చీలో తిరిగొచ్చి, అక్కడ తాను చూసినలాంటి చోటు ఈ దేశంలోనూ ఉండాలని పట్టుబట్టారు. దక్షిణ ఢిల్లీలో, ఆరావళి గుట్టల అంచున, ఢిల్లీ అభివృద్ధి సంస్థ (డీడీఏ) ఫ్లాట్ల మధ్య వసంత్ కుంజ్‌లో నిలబడ్డ ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ ఆ పట్టుదల ఫలం. 2022 జనవరిలో కన్నుమూశారాయన.

ఈ వైద్యంలో ఆపరేషన్ ఒక రోజు పని. మిగతా నెలలూ ఏళ్లూ నర్సు చేతిలో ఉంటాయి. ఆ చేతికి దారి చూపేది పాథోఫిజియాలజీ, అంటే జబ్బు శరీరం లోపల ఏ దారిన నడుస్తుందో చెప్పే శాస్త్రం. మన నర్సింగ్ కాలేజీల్లో దీన్ని పరీక్షకు బట్టీపట్టే నిర్వచనాలుగా, కారణాలుగా, లక్షణాలుగా ముక్కలు చేసి చెబుతున్నారు. ముక్కల మధ్య ఉన్న 'అందువల్ల' అనే మాట పోతోంది. నర్సుకు కావలసింది ఆ మాటే.

పక్కకు తిప్పడాన్నే తీసుకోండి. నిద్రలో కూడా మనం ఒళ్లు కదుపుతూనే ఉంటాం. ఒకచోట కండకు రక్తం చాలక ఇబ్బంది మొదలవగానే, మనకు మెలకువ రాకుండానే ఒళ్లు పక్కకు ఒత్తిగిలుతుంది. వెన్నుపాము తెగితే కింది కబురు పైకి పోదు, పై ఆజ్ఞ కిందికి రాదు. బరువంతా గంటల తరబడి కొన్ని ఎముకల మీదే నిలుస్తుంది: నడుము కింది ఎముక, తుంటి పక్కలు, పిర్రల ఎముకలు, మడమలు. కేశనాళికల్లోకి రక్తం ప్రవేశించే చోట పీడనం సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసం. ఎముకకూ పరుపుకూ మధ్య ఒత్తిడి అంతకు మించి నిలిచిపోతే ఆ సన్నటి దారులు మూసుకుపోతాయి. కండరానికి ఆక్సిజన్ అవసరం చర్మం కంటే ఎక్కువ. అందుకే తరచుగా ముందు చచ్చేది ఎముకకు ఆనుకున్న కండ. పైన రూపాయి బిళ్లంత మచ్చ కనిపించేసరికి లోపల పిడికిలి పట్టేంత గుంత పడి ఉండవచ్చు.

తిప్పిన తరువాత అక్కడ ఎరుపెక్కుతుంది. ఆగిన రక్తం ఒక్కసారిగా వచ్చిందని దానర్థం. వేలితో నొక్కితే ఎరుపు పోయి మళ్లీ వస్తే దారులు ఇంకా బతికున్నాయి. పోకపోతే లోపల దెబ్బ మొదలైనట్టే. ఇక్కడ ఒక సంగతి మన విద్యార్థులకు గట్టిగా చెప్పాలి. ఈ ఎరుపు పాఠం తెల్లటి ఒంటిని చూసి రాసింది. మన చామనచాయ మీద, నల్లటి ఒంటి మీద ఆ రంగు కంటికి ఆనదు. అరచేయి వెనక వైపు ఆనించి పక్క చర్మంతో పోల్చాలి. వేడిగా ఉందా, గట్టిపడిందా, మెత్తగా చిత్తడిగా ఉందా, ఊదారంగు తిరిగిందా? మన దేశపు నర్సుకు కంటి కంటే చేయి ముందు పనిచేయాలి.

కారణం తెలిస్తే మన ఇళ్లలో ప్రేమతో చేసే పనులు ఎందుకు తప్పో కూడా తెలుస్తుంది. ఎర్రబడ్డ చోట స్పిరిట్ రాసి, పౌడర్ చల్లి గట్టిగా మర్దనా చేస్తారు. నలిగి ఉన్న రక్తనాళాలు ఆ మర్దనాతో ఇంకా చితుకుతాయి. గాలి నింపిన రబ్బరు రింగు పెడతారు. దాని అంచు చుట్టూ నొక్కి మధ్యలో ఉన్న చర్మానికి రక్తం అందకుండా చేస్తుంది. పక్షవాతం వచ్చిన తాతయ్యకైనా, తుంటి ఎముక విరిగిన అమ్మమ్మకైనా లెక్క ఇదే. తల వైపు మంచం బాగా ఎత్తితే ఒళ్లు మెల్లగా కిందికి జారుతుంది. చర్మం దుప్పటికి అంటుకొని అక్కడే ఉంటుంది, లోపలి ఎముక మాత్రం జారుతుంది. మధ్యలో నాళాలు సాగి మెలిపడతాయి. అందుకే భోజనం పెట్టే వేళ మినహా 30 డిగ్రీలు దాటించవద్దంటారు. పక్కకు తిప్పేటప్పుడూ పూర్తిగా తుంటి మీదికి కాకుండా, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీల వాలు మీదే ఉంచమంటారు.

రెండు గంటలన్నది మంత్రం కాదు. మంచి ఫోమ్ పరుపు మీద, వృద్ధాశ్రమాల్లో జరిగిన పరిశోధనల్లో మూడు, నాలుగు గంటల వ్యవధి కూడా సరిపోయింది. స్పర్శ లేని, రక్తపోటు తక్కువగా ఉండే, రక్తం తగ్గిన రోగికి రెండు గంటలు కూడా ఎక్కువ కావచ్చు. ఎంత వ్యవధి ఇవ్వాలో గడియారం చెప్పదు, చర్మం చెబుతుంది. 1859లోనే ఫ్లోరెన్స్ నైటింగేల్ తన నర్సింగ్ పుస్తకంలో పడక పుండును సాధారణంగా జబ్బు తప్పుగా కాక సంరక్షణ తప్పుగా లెక్కగట్టారు. ఇద్దరు నర్సులు నలభై మంచాలు చూసే వార్డుల్లో ఆ తప్పును నర్సు ఒక్కరి మీదే మోపడం అన్యాయమని నేననుకుంటాను.

ఇంతకంటే సూక్ష్మమైన పరీక్ష మరొకటి ఉంది. వెన్నుపాము ఛాతీ ఆరో మట్టం దగ్గర గానీ, అంతకు పైన గానీ దెబ్బతిన్న రోగి కొన్ని వారాలకో నెలలకో ఒక రోజు, "తల పగిలిపోతోంది సిస్టర్" అంటాడు. ముఖం ఎర్రబడి చెమటలు పోస్తుంటాయి, కాళ్లు మాత్రం పాలిపోయి చల్లగా ఉంటాయి. బీపీ చూస్తే పైది 150. వార్డులో 150ని చూసి ఎవరూ కంగారుపడరు. కానీ ఇలాంటివారి మామూలు బీపీయే 90కీ 110కీ మధ్య ఉంటుంది. అతనికి 150 అంటే మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదం ఉన్న అత్యవసరం. దీన్ని అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు.

లోపల జరిగేది ఇది. యూరిన్ ట్యూబ్ మెలిపడి మూత్రాశయం నిండింది. ఆ సంకేతం వెన్నుపాములో తెగిన చోటి దాకా పాకి, పైకి దారి లేక అక్కడే సింపథెటిక్ నరాలను రెచ్చగొట్టింది. పొట్టలోని పెద్ద రక్తనాళాల గుంపు ఒక్కసారిగా బిగుసుకుంది, బీపీ ఎగసింది. మెడలోని బీపీ కాపలా నరాలు పసిగట్టి మెదడుకు చెప్పాయి. మెదడు వేగస్ నరం ద్వారా గుండెను నెమ్మది చేసింది, తెగిన చోటికి పైనున్న నాళాలను వదులు చేసింది. అందుకే ఆ ఎరుపు, ఆ చెమట. కిందికి మాత్రం ఆజ్ఞ దాటదు, బిగుసుకున్నవి బిగుసుకునే ఉంటాయి.

దారి తెలిసిన నర్సు డాక్టరు వచ్చేదాకా చేతులు కట్టుకొని ఉండదు. కళ్లు తిరిగినవాళ్లను పడుకోబెట్టడం మనందరికీ అలవాటు. ఇక్కడ నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడదీయాలి. రక్తం కాళ్లలోకి దిగి బీపీ కొంత తగ్గుతుంది. బెల్టు, బిగుతు బట్టలు వదులు చేయాలి. ట్యూబు మెలిక తీసి మూత్రం పారుతోందా చూడాలి. అది కాకపోతే మలం గట్టిపడిందేమో చూడాలి, అదీ ముందు మత్తు జెల్లీ రాశాకే. లేకుంటే పరీక్షించే వేలే మరో రెచ్చగొట్టే కారణమవుతుంది. తరువాత ఒళ్లంతా వెతకాలి: పుండు, గోరుచుట్టు, బట్ట మడత. రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూస్తూనే ఉండాలి. అప్పటికీ దిగకపోతేనే వెంటనే పనిచేసే మందు. 1947లో గట్‌మన్, విటెరిడ్జ్ కలిసి మూత్రాశయం నింపి చూసి రాసిన పరిశీలనలు ఈ వరసకు పునాది.

అదే వసంత్ కుంజ్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివర్ అండ్ బిలియరీ సైన్సెస్ కూడా ఉంది. మోషన్ కాలేదన్న మాట కాలేయ రోగి దగ్గర మరో దారి పడుతుంది. పేగులో పుట్టే అమోనియాను గట్టిపడిపోయిన కాలేయం శుద్ధి చేయలేదు, అది మెదడుకు చేరి మనిషి తికమకపడతాడు. రాత్రి నిద్ర పోయి పగలు జోగుతాడు, చేతులు చాపమంటే రెక్కలాడించినట్టు వణుకుతాయి. లాక్టులోజ్ ఇచ్చి రోజుకు రెండు మూడు మెత్తటి విరేచనాలు అయ్యేలా చూసేది పేగును ఆమ్లంగా మార్చి ఆ అమోనియాను అక్కడే పట్టి బయటికి పంపడానికి. కేస్ షీటులో రెండు చోట్లా ఒకే వాక్యం. ఒకచోట రక్తపోటుకు గండం, మరోచోట స్పృహకు గండం. విద్యార్థినికి ఈ రెండు వార్డులూ ఒకే వారంలో చూపిస్తే ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వలేని చదువు అవుతుంది.

వెన్నుపాము వార్డులో, తెగిన చోటికి కింద ఏం జరిగినా రోగికి నొప్పిగా తెలియదు కాబట్టి నొప్పి చేసే పని నర్సు చేయాలి. కాలి సిరలో రక్తం గడ్డకట్టినా రోగికి తెలియదు, రెండు పిక్కల చుట్టుకొలత టేపుతో రోజూ పోల్చాలి. ఢిల్లీ మే నెల ఎండలో జ్వరం చూపిస్తే అది ఇన్ఫెక్షనే కానక్కర్లేదు. తెగిన చోటికి కింద చెమట పట్టదు, గది వేడే ఒంటి వేడి అవుతుంది. ముందు ఫ్యాను, తడిబట్ట. ఆ తరువాత కూడా తగ్గకపోతే వెతుకులాట.

మూత్రం సంగతీ అంతే. 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడిస్ చెప్పింది మొదట చాలామందికి మింగుడుపడలేదు. స్టెరైల్ చేయని, కడిగి శుభ్రం చేసిన ట్యూబుతో రోగే రోజుకు నాలుగైదుసార్లు మూత్రం తీసుకోవచ్చన్నారాయన. మూత్రాశయం ఉబ్బిపోతే దాని గోడకు రక్తం తగ్గుతుంది, క్రిములు అప్పుడే గెలుస్తాయి. కాబట్టి వేళ తప్పకపోవడమే ముఖ్యమన్నది ఆయన వాదం. పడక పుండుకూ మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కూ మూలం ఒకటే, ఒత్తిడి కింద నలిగిన రక్తనాళం. కర్నూలులోనో కరీంనగర్‌లోనో ఖరీదైన సామాన్లు కొనలేని ఇంట్లో కూడా రోగి కిడ్నీలు నిలిచేది ఈ పద్ధతి వల్లే.

అందుకే డిశ్చార్జికి ముందు నేర్పే పాఠాన్ని నేను చాలా విలువైనదిగా చూస్తాను. భార్యకో తమ్ముడికో నర్సు దగ్గరుండి నేర్పాలి: పొద్దునా రాత్రీ అద్దం పెట్టి పిర్రలు, మడమలు చూడటం, కుర్చీలో ఉన్నప్పుడు అరగంట లోపే ముందుకు వంగి రెండు నిమిషాలు బరువు దించడం, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మూత్రం తీయడం. వెన్నుపాము పైభాగంలో దెబ్బతిన్నవారి జేబులో ఒక కార్డు కూడా పెట్టి పంపాలి. ఊళ్లో డ్యూటీ డాక్టరుకు డిస్‌రిఫ్లెక్సియా పేరు గుర్తుండకపోవచ్చు. కార్డు మీద ఏ మట్టంలో దెబ్బ తగిలిందో, మామూలు బీపీ ఎంతో, తలనొప్పి వస్తే ముందు కూర్చోబెట్టి ట్యూబు చూడాలని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉండాలి.