అలసటకు కర్త ఎవరు? — నర్మద ఒడ్డున రెండు యాత్రాగ్రంథాలు

యాత్రాచరిత్రలను మనం సాధారణంగా రెండు ప్రయోజనాల కోసం చదువుతుంటాం. ఒకటి, ఆనాటి దేశస్థితి తెలుసుకోవడం. రెండోది, ఆనాటి భాష తెలుసుకోవడం. ఇంకో ప్రశ్న కూడా వేసుకోవలసి ఉంది: ఆ యాత్రలో అలిసిపోయింది ఎవరు? ఆ అలసట వాక్యంలోకి ఎంతవరకు వచ్చింది? ఈ ప్రశ్నతో రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒకటి మన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రచరిత్ర. రెండోది అమృత్‌లాల్ వేగడ్ నర్మదా పాదయాత్రల గ్రంథం ‘సౌందర్య్ కీ నదీ నర్మదా’.

ఇద్దరికీ కొన్ని పోలికలున్నాయి. వీరాస్వామయ్య చెన్నపట్నంలో సుప్రీంకోర్టు ఇంటర్‌ప్రెటరు. రెండు మూడు భాషల మధ్య బతికిన మనిషి. వేగడ్ జబల్పూరులో స్థిరపడిన కచ్ఛ్ గుజరాతీ కుటుంబంలో 1928లో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చిత్రకళ నేర్చుకుని, జబల్పూరులోనే చిత్రకళ బోధించారు. రాసింది గుజరాతీలోనూ, హిందీలోనూ. ఇద్దరూ సొంత భాషకు కేంద్రం అనుకునే చోటికి దూరంగా ఉన్నవారే. ఇద్దరూ బయలుదేరేనాటికి యాభయ్యో ఏటికి అటూఇటూగా ఉన్నారు.

పోలిక అంతవరకే. వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చెన్నపట్నం చేరారు. వెంట సుమారు నూరుమంది పరివారం. అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ మీదుగా కాశి. కృష్ణ, గోదావరి, నర్మద, మూడింటినీ దాటవలసిందే. వానాకాలం దారిలోనే పట్టుకుంది. ఆయనకు నది అంటే దాటవలసిన అడ్డంకి, స్నానం చెయ్యవలసిన తీర్థం. వేగడ్‌కు నది అంటే వెంట నడవవలసిన తోడు. నర్మదా పరిక్రమలో నదిని కుడిచేతి వైపు ఉంచుకుని నడవాలి, మధ్యలో దాటకూడదు. ఆయన 1977లో మొదలుపెట్టి విద్యార్థులతో, మిత్రులతో దఫదఫాలుగా పదేళ్ళపాటు సుమారు 1800 కిలోమీటర్లు నడిచారు. తర్వాతి కాలంలో భార్య కాంతతో కలిసి మళ్ళీ నడిచారు.

ఇప్పుడు భాష సంగతి. తెలుగులో ఆకలి, దాహం, నిద్ర, చలి మనకు ‘వస్తాయి’, ‘వేస్తాయి’. నాకు ఆకలి వేసింది, నాకు నిద్ర వచ్చింది అంటాం. ఇక్కడ అనుభవించేవాడు చతుర్థీ విభక్తిలో ఉంటాడు. అలసట దగ్గరికి వచ్చేసరికి ‘నేను అలిసిపోయాను’ అంటాం. ‘నాకు అలసటగా ఉంది’ అనే వాడుక లేకపోలేదు కాని, అది స్థితిని చెప్పడం. నడిచి నడిచి తెచ్చుకున్న అలసటకు మనిషి ప్రథమావిభక్తిలోకి వస్తాడు. హిందీ, గుజరాతీ భాషల్లోనూ ఇదే తేడా ఉంది. అంటే ఈ భాషలన్నిటిలో ఆకలి మనిషి దగ్గరికి వచ్చేది, అలసట మనిషి తానే అయ్యేది. కనక యాత్రాగద్యంలో ‘అలిసిపోయాను’ అనే క్రియకు కర్త ఎవరు అనేది వ్యాకరణప్రశ్నే కాదు, విమర్శప్రశ్న కూడా.

వీరాస్వామయ్య గద్యంలో దారి బాగా కనిపిస్తుంది. అది రేగడినేలా, రాతినేలా, నీళ్ళున్నాయా, దిగడానికి వసతి ఉందా, అంగళ్ళలో ఏమి దొరుకుతుంది, అన్నీ వరసగా చెబుతారు. వెనక వచ్చేవాడికి పనికిరావాలన్న తపన ప్రతి మజిలీలోనూ ఉంది. బోయీల ప్రసక్తి కూడా ఉంది. అయితే అది ఎక్కువగా ప్రయాణపు ఏర్పాటుకు సంబంధించినది. సవారీ మీద కూర్చున్నవారికి దారి కష్టం తెలుస్తుంది; ఆ కష్టం ఏ కాలిలోకి దిగిందో వాక్యంలోకి రాదు. ఇది ఆయన కాఠిన్యం కాదు. ఆనాటి సంఘంలో మోసేవాడు వాక్యానికి కర్త కావడం అరుదు. కాని నేడు చదివే మనం ఆ ఖాళీని గమనించకపోతే తప్పు మనది.

వేగడ్ గద్యంలో ఆ ఖాళీ పూడుతుంది. వీపున సంచి, జారే గట్టు, దొరికిన చోట మకాం, ఏ పల్లెవాళ్ళు పెట్టినా తినడం. సామాను మొయ్యడానికి సాయం ఉన్న రోజుల్లో కూడా నడక తనదే. అందుకే ఆయన హాస్యం కూడా సహజంగా ఉంటుంది; అలిసినవాడు తనను చూసి తాను నవ్వుకోగలడు. మిత్రబృందం ఆ గద్యంలో అలంకారం కాదు. కొన్నిరోజుల నడకలో ఒకరి అడుగు వేగాన్నిబట్టి ఇంకొకరి రోజు నిర్ణయమవుతుంది.

అయితే వేగడ్ మీద ఒక ఆక్షేపణ చెప్పక తప్పదు. ఆయన కన్ను చిత్రకారుడి కన్ను. పుస్తకం పేరులోనే సౌందర్యం ఉంది. ఒడ్డున బతికే గోండుల, భిల్లుల కష్టం కొన్నిచోట్ల దృశ్యంలో రంగుగా కలిసిపోతుంది. తన నడక అలసట ఆయనకు తెలుసు. నడక ఆగని బతుకుల అలసట అంత దగ్గరగా అందలేదు. ఇంతలో చరిత్ర ఈ పుస్తకానికి వేరే బరువు తెచ్చింది. జబల్పూరు ఎగువన బర్గీ ఆనకట్ట 1990లో పూర్తయింది. ఈ గ్రంథం గుజరాతీ రూపానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన 2004లోనే ఇందిరాసాగర్ జలాశయం కోసం హర్సూద్ పట్టణాన్ని ఖాళీ చేయించారు. 2017లో సర్దార్ సరోవర్‌ను జాతికి అంకితం చేశారు. వేగడ్ నడిచిన గట్లు ఎన్నో నేడు నీటి అడుగున ఉన్నాయి. సౌందర్యం కోసం రాసిన పుస్తకం మునిగిన దారికి సాక్ష్యపత్రం అయింది. ఆ సాక్ష్యం చెల్లడానికి కారణం అది కాళ్ళతో నడిచి రాసినది కావడమే. వేగడ్ 2018లో కన్నుమూశారు.

మన విద్యార్థులకు ఇందులో పనికివచ్చేది ఏమిటి? ‘మా తెలుగు కల్తీ తెలుగు, రాయడానికి పనికిరాదు’ అనే మాట హోసూరు పిల్లల నోటా, బళ్ళారి పిల్లల నోటా, బరంపురం పిల్లల నోటా వింటూనే ఉంటాం. వీరాస్వామయ్య తెలుగు చెన్నపట్నం వాడుక తెలుగు. అందులో హిందుస్తానీ మాటలున్నాయి, ఇంగ్లీషు మాటలున్నాయి. ఆ మాటలతోనే ఆయన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె 1838లో అచ్చువేయించిన పుస్తకాన్ని ఈనాటికీ చదువుకుంటున్నాం. దారిలో అవసరమైన మాట ఏ భాషదైనా దారికి సరిపోతే చాలు.

యానాం పక్కన గౌతమి ఉంది. ఒరిస్సా కొండల్లో వంశధార ఉంది. హంపి దగ్గర తుంగభద్ర ఉంది. నలుగురు మిత్రులు కలిసి నాలుగురోజులు ఏదో ఒక గట్టు వెంట నడవండి. రాత్రికి కాళ్ళు పీకుతుంటే ఆ మాటే రాయండి. ‘బడలిక’ అని దిద్దవద్దు. మీ సంచి ఇంకెవరైనా మోసి ఉంటే ఆ మనిషిని కర్తను చేసి ఇంకో వాక్యం రాయండి.