పోటీకి లంబాడీ కుట్టు: మూల దగ్గర తేలే పనితనం

లంబాడీ కుట్టుపనికి ముందు గీత గీయరు. పెన్సిలు, కార్బన్ కాగితం, అచ్చుబిళ్ల ఏదీ దగ్గర పెట్టుకోరు. గుడ్డను సగానికి, మళ్లీ సగానికి మడిచి గోటితో నొక్కితే పడిన మడతే కొలత. ఆపైన పడుగూ పేకా పోగులు లెక్కపెట్టుకుంటూ సూది నడుస్తుంది. పల్నాడులో మాచర్ల, వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి వైపు తండాల్లో పాతతరం ఆడవాళ్లు తొడిగిన ఫేటియా (పావడా), కాంచళి (రవిక), తలమీద కప్పుకునే టుక్రి, వీటి మీది చతురస్రాలూ త్రిభుజాలూ ఈ లెక్కలోంచి వచ్చినవే. కాబట్టి ఇలాంటి పనిని డిజైన్ పోటీకి సిద్ధం చేయడమంటే ఒక బొమ్మ ఎంచుకుని గుడ్డమీదికి దించడం కాదు. ఏ కుట్టు పక్కన ఏ కుట్టు, ఎన్ని పోగులకు ఒక గడి, వరుస మూల దగ్గర ఎలా తిరగాలి అన్న నిర్ణయాలే ఇక్కడ డిజైన్.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. ఎడ్లమీద ఉప్పూ ధాన్యమూ మోస్తూ దక్కన్ అంతా తిరిగినవాళ్లు లంబాడీలు. మొగలు సైన్యాలకు తిండిగింజలు చేరవేసింది వీళ్లేనంటారు. రైళ్లొచ్చాక ఆ బిడారులు ఆగిపోయాయి, తండాలు ఒకచోట నిలిచాయి. అద్దాలు ఒకప్పుడు గుజరాత్‌లోని కపడ్‌వంజ్ నుంచి వచ్చేవని చెబుతారు. గవ్వలు సముద్రపు సరుకు. ఎవరు ఎక్కడినుంచి తెచ్చినా వాటిని గుడ్డమీద నిలబెట్టిన తెలివి మాత్రం తండా ఆడవాళ్లది.

కర్ణాటకలోని సండూరు పనివాళ్లు ఈ విద్యలో పద్నాలుగు కుట్లు చెబుతారు: కీలన్, వేలే, బక్యా, మాకీ, సూర్యకాంతి మాకీ, కాన్స్, తేరా దోరా, కౌడీ, రేలో, గాద్రీ, భురియా, పోటే, జోల్యా, నక్రా. తండా మారితే పలికే తీరూ మారుతుంది. పోటీకి పంపేవాళ్లలో చాలామంది చేసే మొదటి తప్పు ఈ పద్నాలుగింటినీ ఒకే గుడ్డమీద చూపించాలనుకోవడం. అది పనితనం కాదు, జాబితా. మూడు నాలుగు కుట్లు తీసుకుని వాటితోనే గుడ్డంతా నడిపించిన పనిలో చేతి బలం కనిపిస్తుంది. వస్తువు ఎంపికలోనూ ఇదే పొదుపు కావాలి. నీళ్లబిందె కింద పెట్టుకునే చుట్టకుదురు నుంచి వీపు వైపు వేలాడే ‘గళా’ పోటీకి చక్కటి వస్తువు. కొలతలు చిన్నవి, అంచులున్నాయి, మూలలున్నాయి, నడుమ ఖాళీ ఉంది. దాన్నే సంచికి ముఖభాగంగానో గోడకు తగిలించే పటంగానో మార్చితే ఇప్పటి వాడకమూ కుదురుతుంది.

గుడ్డ విషయంలో రాజీ పనికిరాదు. నేత బిగువుగా ఉండి, పోగులు కంటికి విడివిడిగా కనబడే చేనేత నూలుగుడ్డ కావాలి. పాలియెస్టర్ కలిసిన గుడ్డలో పోగు జారుతుంది, లెక్క తప్పుతుంది. గంజి పోయేదాకా ఉతికి, నీడన ఆరబెట్టి, కుంచించుకుపోవాల్సినంతా ముందే పోనివ్వాలి. లేకపోతే పని పూర్తయి ఉతికిన రోజున గుడ్డ దగ్గరపడుతుంది, కుట్టు ఉబ్బుతుంది. ఎరుపు, నీలం రంగులు దిగుతాయేమో కూడా అప్పుడే చూసుకోవాలి. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే తెలిసిపోతుంది. తెల్లదారం పక్కన ఎర్రరంగు ఒక్కసారి పాకిందంటే ఆ గుడ్డ ఇక పోటీకి పనికిరానట్టే. దారాలకూ ఇదే పరీక్ష.

పని అంచునుంచి మొదలవుతుంది. పాతచేతులు ముందు చుట్టూ వరుసలు కట్టి, తర్వాతే నడుమకు వస్తాయి. మూల తిరగడం ఇందులో అసలు పరీక్ష. అటు పొడవులో నలభై గడులు పట్టి, ఇటు వెడల్పులో ముప్పైతొమ్మిదిన్నర వస్తే ఆ అరగడిని ఎక్కడ దాచాలి? తెలియనివాళ్లు మూలలో ఒక అద్దం అతికించి తప్పుకుంటారు. తెలిసినవాళ్లు మొదటి కుట్టు పడకముందే పోగులు లెక్కపెట్టి, తేడాను నాలుగైదు గడుల్లోకి ఒక్కో పోగుగా పంచేస్తారు. ఎంత చూసినా అది కంటికి దొరకదు. చదువు లేదని జనం తీసిపారేసిన ముసలమ్మలు కాగితం ముట్టకుండా ఈ లెక్క చేస్తారు. ఏ డిజైన్ కాలేజీలోనైనా ఇంతకుమించిన జ్యామితి పాఠం ఉంటుందా?

అద్దం కుట్టడం మరో విద్య. అద్దానికి చిల్లు ఉండదు, జిగురు పెట్టరు. ముందు అద్దం మీదుగా రెండు దారాలు నిలువుగా, రెండు అడ్డంగా లాగుతారు. అడ్డదారం నిలువుదారాన్ని దాటే ప్రతిచోటా దానికి ఒక చుట్టు చుట్టుకుంటుంది. అలా అద్దంమీద నాలుగు పలకల చట్రం కుదురుతుంది. తర్వాత సూది ఆ చట్రం కిందినుంచి దూరి, అద్దం అంచును ఆనుకుని గుడ్డలో చిన్న కుట్టు వేసి, వెనకున్న దారపు మెలికలోంచి పైకొస్తుంది. మళ్లీ చట్రం కిందికి, మళ్లీ గుడ్డలోకి. ఇలా చుట్టూ తిరుగుతుంటే చట్రం నాలుగువైపులకూ సాగి గుండ్రటి అంచుగా మారుతుంది. దారం వదులైతే అద్దం ఊడి చేతిలోకొస్తుంది, మరీ బిగిస్తే గుడ్డ ముడతపడుతుంది. మంచి పనిలో అద్దాన్ని గోటితో కదిపినా కదలదు. గుడ్డ మాత్రం చాపలా పరుచుకునే ఉంటుంది.

పోటీలో గుడ్డను తిరగేసి చూడని న్యాయనిర్ణేత ఆ కుర్చీకి తగడు. ముడులు కనబడకుండా, దారం కొసను కుట్ల కిందికే పోనిచ్చి, ఒక గడినుంచి దూరపు గడికి దారాన్ని వృథాగా లాగకుండా చేసిన వెనకవైపు పనికి సగం మార్కులివ్వాలి. గవ్వలు, పూసలు, కుచ్చులు చివర్లో వస్తాయి. అవి అంచు బరువును నిలపడానికే. గుడ్డ నిండా వేస్తే కుట్టు మూగబోతుంది. ఇస్త్రీ కూడా వెనకవైపే, కింద మందపాటి తువ్వాలు పరిచి చేయాలి.

కాలం సంగతి పల్నాడులో విడిగా చెప్పుకోవాలి. మిరప కోతలు మొదలయ్యాయంటే తండాల్లో ఆడవాళ్లకు పొలమే లోకం. ఆ ఘాటంటిన వేళ్లతో తెల్లదారం ముట్టుకోలేరు, కళ్లు నులుముకోలేరు. కోతలు ముగిశాక తీరిక దొరుకుతుంది కానీ అప్పుడు రెంటచింతల ఎండ. చెమటచేతి మరక దారంమీద నిలిచిపోతుంది. పొద్దున్నే వేపచెట్టు కింద కూర్చుని, ఎండ ఎక్కేలోపు లేచిపోతే పని శుభ్రంగా వస్తుంది. గడువుకు వారం ముందు మొదలుపెట్టి రాత్రిళ్లు బల్బు కింద ముగించిన ఎంట్రీ ఏదో మూల దగ్గర పట్టుబడకుండా ఉండదు.

ఇంత పనికి ఎదురుగా బజారులో ఏముంది? ప్లాస్టిక్ రేకు అద్దాలు, వేడికి అతుక్కునే బిళ్లలు, కంప్యూటర్ మెషీన్ గంటలో కొట్టిపారేసే ‘బంజారా వర్క్’. చివరికి అద్దంబొమ్మను గుడ్డమీద అచ్చువేసి దానికీ అదే పేరు పెడుతున్నారు. నరసరావుపేట, మాచర్ల పట్టణాల్లో మగ్గం వర్కు నేర్చిన కుర్రవాళ్లు కష్టజీవులే. కొక్కెంసూదితో వాళ్లు వేసే గొలుసుకుట్టు దాని తీరులో అది గొప్పదే. కానీ చట్రానికి బిగించిన గుడ్డమీద గీసిన గీత వెంబడి నడిచే పనిని, ఒళ్లో పెట్టుకుని పోగులు లెక్కపెట్టి కుట్టే పనితో ఒకే వరుసలో కూర్చోబెట్టి మార్కులేయడం అన్యాయం. మగ్గం మెరుపు ముందు లంబాడీ గుడ్డ మొదటిచూపులో వెలవెలబోతుంది. రెండోచూపు చూసే ఓపిక ఉన్న పోటీలెన్ని? పెళ్లికూతురికి అమ్మ కుట్టిచ్చే సంచీ ఇప్పుడు తండాల్లోనే కరువవుతోంది. పాత కాంచళిలను సామాన్లవాళ్లకు స్టీలు గిన్నెలకు వేస్తున్నారు. అదే గుడ్డ మరోచోట గాజు పెట్టెలో కూర్చుంటుంది, కుట్టిన మనిషి పేరు లేకుండా.

పట్టించుకున్నచోట ఏమైందో ఇతర రాష్ట్రాల్లో చూడవచ్చు. సండూరు లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జూలైలో హంపీలో జీ20 సాంస్కృతిక సమావేశాలప్పుడు సండూరు కుశల కళా కేంద్రానికి చెందిన నాలుగువందల యాభైమందికి పైగా స్త్రీలు కుట్టిన 1755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. తమిళనాడు ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలో డాక్టర్ లలితా రెజీ చొరవతో, కుట్టు మరిచిపోయిన తండాల ఆడవాళ్లు తమ పెద్దల దగ్గర మళ్లీ నేర్చుకున్నారు. వాళ్ల సంఘం పేరు ‘పొర్గై’. కచ్‌లో 2005లో మొదలైన కళారక్షా విద్యాలయం పనివాళ్లకే డిజైన్ చదువు చెప్పింది, ఎవరో గీసిస్తే కుట్టే కూలీలుగా వాళ్లను మిగలనీయలేదు. పల్నాడులోనే దుర్గి రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ దుర్గికి కూతవేటు దూరంలోని తండాల సూదికి ఎందుకు ఉండకూడదు? జిల్లా అధికారులు, లేపాక్షి వంటి సంస్థలు, పోటీలు పెట్టే సంఘాలు ఈ ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నారు. కనీసం లంబాడీ కుట్టుకు పోటీల్లో విడి విభాగం ఒకటి పెట్టినా దారి తెరుచుకుంటుంది. హస్తకళలకు కేంద్రం జాతీయ పురస్కారాలు 1965 నుంచి, శిల్పగురు పురస్కారాలు 2002 నుంచి ఇస్తోంది. వాటిదాకా వెళ్లాలన్నా మొదటిమెట్టు ఊళ్లోనే ఉండాలి.

పనితోపాటు పంపే కాగితాలు కూడా ఎంట్రీలో భాగమే. ఖాళీగుడ్డ, అంచు కట్టిన దశ, అద్దాలెక్కిన దశ, వెనకవైపు, ఇలా ఒక్కో ఫొటో పగటివెలుగులో తీసి దాచుకుంటే మెషీన్ పని అన్న అనుమానానికి చోటుండదు. ఏ కుట్టు ఎక్కడ పడిందో, ఎన్ని పోగులకు గడి కట్టారో నాలుగువాక్యాల్లో రాయాలి. తండా పేరు, కుట్టిన మనిషి పేరు ముందుండాలి. గుడ్డ కొనిచ్చిన దుకాణదారుడో, దరఖాస్తు నింపిపెట్టిన పెద్దమనిషో కుట్టిన మనిషి పేరుండాల్సిన చోట తన పేరు రాసుకోవడం పచ్చి దొంగతనం. ఇద్దరు ముగ్గురు కలిసి కుట్టిన పనైతే అందరి పేర్లూ రాయాలి, ఎవరు అంచు కట్టారో ఎవరు అద్దాలు వేశారో కూడా. పార్సిల్ కట్టేటప్పుడు గుడ్డను మడవకూడదు. మడతలో దారం నలుగుతుంది, గవ్వ పగులుతుంది. అద్దాలు బయటివైపు వచ్చేలా అట్టగొట్టానికి చుట్టి, పైన ఉతికిన మెత్తటి నూలుగుడ్డ కప్పాలి. వెనక లైనింగు మూలలో కుట్టినవాళ్ల పేర్లున్న చిన్న గుడ్డపట్టీ ఒకటి కుట్టేస్తే, దారిలో దరఖాస్తు ఎక్కడ జారిపోయినా పని ఎవరిదో తెలుస్తుంది.