జెన్నరు గ్రంథమున గుఱ్ఱపు మడమ

ఎడ్వర్డు జెన్నరు 1798లో ప్రకటించిన మశూచి గ్రంథమును వైద్యచరిత్రకు ఆకరముగ చదువుట వాడుక. మేము దానినిక్కడ ఒక పదము చేసిన మేలుకీడులకు సాక్ష్యముగ చదువ తలచితిమి. ఆ పదము ‘గ్రీజు’, అనగా జిడ్డు. లాడములు కొట్టుచు పశువులకు మందు కూడ వేయు ఇంగ్లండు కమ్మరులు గుఱ్ఱపు మడమలయందు వాపు పుట్టి రసి కారు వ్యాధికి పెట్టుకొన్న పేరది.

మన పాఠ్యపుస్తకములలో జెన్నరు కథ ఆవుతో మొదలగును. ఆయన గ్రంథమునందు మాత్రము ఆవుల వ్యాధికంటె ముందు గుఱ్ఱపు వ్యాధియే వచ్చును. గుఱ్ఱపు మడమలకు మందు కట్టిన సేవకుడు చేతులు శుభ్రపరచుకొనక పాలు పితుకుటచే ఆ విషము ఆవు పొదుగునకు సోకి గోమశూచియైనదని ఆయన సిద్ధాంతము. మొదటి ఉదాహరణమందలి జోసెఫ్ మెర్రెటు ఇట్టి సేవకుడే: 1770లో ఒక రైతు కడ పాలు పితుకుచు గుఱ్ఱముల మడమపుండ్లను కూడ చూచుచుండెను.

ఇంతవరకు వాదము సొగసుగ నడచినది. చిక్కు పేరులో నున్నది. కంటికి కనబడిన జిడ్డును బట్టి పుట్టిన పేరు గనుక, జిడ్డు కారు ప్రతి పుండును అందిమిడినది. బురదలో తడిసి నానిన చర్మమునందు డెర్మటోఫిలసు అను సూక్ష్మజీవి చేరి కట్టు పక్కులు, పురుగులవంటి సూక్ష్మకీటకములు పుట్టించు దురద, అశ్వమశూచి పొక్కులు, ఇవి నేడు వేర్వేరు వ్యాధులు. మొదటిదానికి గుఱ్ఱమును పొడినేలకు మార్చి, వెండ్రుకలు కత్తిరించి, క్లోర్‌హెక్సిడిను వంటి క్రిమిసంహారకముతో కడిగి, పక్కులను బలిమిని పెరుకక నానబెట్టి తీసి, కాలిని బాగుగ ఆరబెట్టుటయే ముఖ్యచికిత్స. కడిగి తడి ఆర్పకున్న మేలు కంటె కీడే అధికము. కీటకములున్నచో వానికి వేరు మందు వలయును. డెర్మటోఫిలసు 1915లో గాని వర్ణింపబడలేదు. కనుక జెన్నరు దానినెరుగడనుట నేరము కాదు. కాని ఒకే పేరుగల పుండ్లు ఒకే తీరున ప్రవర్తింపకున్నప్పుడు పేరును శంకింపవలసియుండెను.

అట్టి అవకాశము ఆయనకు వచ్చినది కూడ. అబ్రహాం రిడ్డిఫర్డు అను రైతునకు మడమలు చెడిన ఆడుగుఱ్ఱము వలన చేతులకు పుండ్లు సోకినవి. ఇరుగుపొరుగు వైద్యుడొకడు నీకిక మశూచి భయము లేదని అభయమిచ్చెను. ఇరువదేండ్లు దాటిన పిదప అతనికి మశూచి స్వల్పముగనైనను వచ్చినది. ఈ సంగతిని దాచక వ్రాసిన జెన్నరు నిజాయితీ మెచ్చదగినది. ఆయన తీసిన అర్థము మెచ్చదగినది కాదు. గుఱ్ఱపు విషము ఆవు ద్వారా వచ్చిన గాని నమ్మదగదని ఆయన తీర్మానించెను. రిడ్డిఫర్డును బాధించిన ‘గ్రీజు’ వేఱొక ‘గ్రీజు’ కావచ్చునన్న ఊహ ఆ పుటలలో బలపడలేదు. జాన్ లాయి 1801లో తన ప్రయోగములను ప్రకటించుచు ఈ పేరు క్రింద రెండు వ్యాధులున్నవని గుర్తించెను. వర్గీకరణమున ఈ చిన్నపుస్తకమే మిన్న యని మా అభిప్రాయము.

అయినను జెన్నరును పూర్తిగ త్రోసివేయరాదు. 1902లో అమెరికాలో తయారైన ఒక మశూచి టీకామందును పరీక్షించి 2017లో ప్రకటించిన పరిశోధనము, దాని జన్యుసారము గోమశూచికంటె అశ్వమశూచికే సన్నిహితమని చూపినది. గుఱ్ఱమును పట్టుకొనుటలో ఆయన చూపు సరియైనదే కావచ్చును. కాని ‘వ్యాక్సిన్’ అను మాట లాటినున ఆవును చెప్పు ‘వాక్కా’ నుండి పుట్టి లోకమంతట వ్యాపించినది. గుఱ్ఱమునకు ఆ మాటలో చోటు దక్కలేదు.

మన నిఘంటుకర్తలు ఈ ఆంగ్లపదమునకు ‘గుఱ్ఱపు మడమపుండు’ అని ఒక్క అర్థమిచ్చి ఊరకుండరాదు. పాతగ్రంథములలోని వాడుకకు అది చాలును. చికిత్సాగ్రంథములందు బురదపక్కు, కీటకదురద, అశ్వమశూచి అని కారణమును బట్టి వేర్వేరు మాటలుండవలెను. జెన్నరు గ్రంథమును తెనిగించు వారు మాత్రము ఆయన సందిగ్ధతను దిద్దక ‘గ్రీజు’ అనియే నిలిపి, అడుగున వివరణ వ్రాయుట న్యాయము.